స్టిక్కరు కింది దవడ కీలు

కదలొద్దు, మాట్లాడొద్దు

ఉద్యోగంలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న మాటలు మూడు. కదలొద్దు. మాట్లాడొద్దు. ఉమ్ము మింగొద్దు. ఇరవై ఆరేళ్లు ఇవే మాటలు. నారాయణఖేడ్‌లో ఒక పంటి దవాఖానలో ఎక్స్‌రేలు తీసేదాన్ని. నా పేరు సుగుణ. పోయిన ఏడాది మానేశాను. ఎక్స్‌రే కోర్సు చదువుతున్న పిల్లలు ఇద్దరు మొన్న చర్చి బయట నన్ను పట్టుకుని, "ఆంటీ, గా పని ఎట్లుంటది?" అని అడిగారు. నిలబడి చెప్పి ముగించే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

పని చెప్పుకోవడానికి సులువే. మనిషిని నిలబెట్టి, గడ్డం ఒక పీటకు ఆనించి, ముందుపళ్ల మధ్య చిన్న ప్లాస్టిక్ పుల్ల కరిపించాలి. బటన్ నొక్కితే యంత్రం తల చుట్టూ తిరుగుతుంది. ఈ చెవి దగ్గర నుంచి ఆ చెవి దగ్గర దాకా దవడనంతా చాప పరిచినట్టు ఒకే బొమ్మలో చూపిస్తుంది. దాన్ని ఓపీజీ అంటారు. మా వైపు జనం ఫోటో అంటారు. అది తిరిగే ఇరవై సెకన్లూ నేను సీసం రేకు వేసిన తలుపు వెనక, అరచేయంత అద్దంలోంచి చూస్తూ నిలబడాలి.

ట్రైనింగులో ఎవరూ చెప్పని మాట ఒకటి చెబుతాను. ఈ పనిలో మనిషి ఒంటరిదైపోతుంది. రోజంతా మనుషుల మధ్యే ఉంటాం, నిజమే. కానీ నోట్లో పుల్ల ఉన్నవాళ్లు మనతో ఏం మాట్లాడతారు? పుల్ల తీయగానే డాక్టరు గదికి పోతారు. నొప్పి తగ్గితే డాక్టరుకు దండం పెడతారు. ఫోటో తీసిన మనిషి ముఖం ఎవరికి గుర్తుంటుంది? కూరగాయల దగ్గర ఎదురుపడి నన్ను గుర్తుపట్టకుండా పోయినవాళ్ల పళ్లు నాకు గుర్తుండేవి.

ఇంటికి పోతే అమ్మ ఉండేది. అమ్మ పోయాక ఎవరూ లేరు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగేవాళ్లకు నేనిచ్చే జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు. నా ఇల్లు బస్ డిపో వెనక. కంగ్టి బస్సు, బీదర్ బస్సు అని మైకులో అరిచే గొంతు ఒక్కటే మా ఇంట్లో వినిపించే మనిషి గొంతు. అది కూడా పేరు పెట్టి నన్ను పిలిచేది కాదు.

పై మూల

ఇప్పుడు అసలు సంగతి. ఫిల్ము మీద పేషెంటు పేరు, వయసు, ఊరు రాసిన స్టిక్కరు అంటించాలి. మా దవాఖానలో దాన్ని పైన ఎడమ మూలన అంటించేవాళ్లం. ఫిల్ములన్నీ బీరువాలో పుస్తకాల్లా నిలబెట్టి ఉంటాయి. వేలితో పైమూలలు తిప్పుకుంటూ పోతే పేరు దొరకాలి. డాక్టరు సారు పెట్టిన పద్ధతి అది. మంచి పద్ధతే. కావలసిన ఫిల్ము ఎప్పుడడిగినా తీసి ఇచ్చేదాన్ని.

అయితే ఫిల్మును ఎదురుగా పెట్టుకుంటే పేషెంటు కుడివైపు మనకు ఎడమన వస్తుంది. ఆ పైమూలలో ఉండేది కుడి దవడ కీలు. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూసి చూసుకోండి, కింద ఏదో కదులుతుంది. అదే. మనం మాట్లాడినా, నమిలినా, ఆవులించినా తిరిగేది ఆ కీలే. దాని మీద నేను ఊరి పేరు అంటించి బీరువాలో పెట్టేదాన్ని. అలా ఎన్ని వేలమందివి కప్పేశానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంట.

నాకు కళ్లు తెరిపించింది ఒక డాక్టరమ్మ. పళ్ల ఎక్స్‌రేలు చదవడమే ప్రత్యేకంగా చదువుకున్న పిల్ల. మా దవాఖానలో నాలుగైదు నెలలు పనిచేసి పోయింది. ఒకరోజు నేను అంటించిన స్టిక్కరును గోరుతో గీకి తీస్తోంది. నాకు కోపం వచ్చింది. "ఏందమ్మా, గంత మంచిగ అంటిస్తే పీకుతున్నవు?" అన్నాను. ఆమె నవ్వి ఫిల్మును దీపం వెలుగుకు పట్టింది. "అక్కా, గీ ఎముక కొస చూడు. బొటనవేలి కొస తీరు గుండ్రంగ, నున్నగ ఉండాలె. ఉన్నదా?" అంది. లేదు. ఒకపక్క అరిగిన చెప్పు మడమలా చదునుగా ఉంది. అంచున చిన్న ముల్లు పొడుచుకొచ్చింది. "మోకాళ్లు అరుగుతయి గద, గట్లనే ఇదీ అరుగుతది. కీలువాతం," అంది.

ఆ సాయంత్రం బీరువా ముందు కూర్చుని ఒక్కొక్క స్టిక్కరు ఎత్తి చూడడం మొదలుపెట్టాను. ఒకసారి చూడడం తెలిశాక ఎటు చూసినా అదే. పిప్పిపన్నుకు వచ్చినవాళ్లు, కట్టుడుపళ్లకు వచ్చినవాళ్లు, పన్ను ఊగుతోందని వచ్చినవాళ్లు. ఎవరూ కీలు కోసం రాలేదు. కీలు మాత్రం ఎందరికో అరిగి ఉంది.

ఎంతమందికని అడగొద్దు. నోట్‌బుక్కులో పేర్లు రాసుకుంటూ పోయాను గానీ లెక్క చెప్పను. చిన్న ఊళ్లో ఒక ఆడమనిషి రాసుకున్న నోట్‌బుక్కు పరిశోధన కాదు. చాలామందికి ఉందన్నంత వరకే చెప్పగలను. ఒక్క పేరైనా రాయని వారం లేదు. వయసు మీదపడ్డవాళ్లలో ఎక్కువ. ఆడవాళ్లలో ఎక్కువ అనిపించింది, కానీ మా దగ్గరకు వచ్చేదే ఆడవాళ్లు ఎక్కువ. ఓపీజీలో బాగా అరిగినవే కనిపిస్తాయి, మొదట్లో ఉన్నది కనిపించదు. దానికి పెద్ద స్కానింగు కావాలి. ఇంకో సంగతి. అరిగినవాళ్లలో చాలామందికి నొప్పే లేదు. ఈ చివరి మాట అప్పట్లో నాకు తెలిసి ఉంటే బాగుండేది.

తుల్జమ్మ

ఇరవై ఆరేళ్లలో పుల్ల కరిచి కూడా మాట్లాడిన పేషెంటు ఒకే ఒక్కరు. తుల్జమ్మ. నాగల్‌గిద్ద అవతల, కర్ణాటకకు ఆనుకుని ఉన్న ఊరు. కందులు, జొన్నలు పండించే ఇల్లు. మొగుడు పోయాడు. కొడుకు, కోడలు ఉన్నారు. డాక్టరమ్మ రాక ముందే, కుడివైపు నొప్పి అని మొదటిసారి వచ్చింది. ఫోటో తిరుగుతుండగానే ఏదో అడిగింది. బొమ్మ పాడైంది. మళ్లీ తీయాల్సి వచ్చింది.

"మాట్లాడొద్దని చెప్పిన గదనమ్మా!" అని అరిచాను.

పుల్ల తీసి తాపీగా అంది. "గింతసేపు మాట్లాడకుంట ఎట్లుంటరక్కా? మా ఇంటాయన ఉన్నప్పుడు గూడ నేను గట్ల ఉండలే."

నవ్వు ఆగలేదు. ఆ గదిలో అంతకు ముందు నేను ఎప్పుడు నవ్వానో గుర్తు లేదు.

ఆ రోజు ఆమెకు కుడివైపు వెనక పన్ను ఒకటి పీకారు. అది నిజంగానే పుచ్చింది. ఆ తరువాత వారం సంతకు, అదే అంగడికి, వచ్చిన ప్రతిసారీ దవాఖానకు వచ్చేది. పనేం లేదు. నా కోసమే. మధ్యాహ్నం వెనక బెంచీ మీద ఇద్దరం కూర్చుని తినేవాళ్లం. జొన్నరొట్టె, ఎర్రకారం, గుప్పెడు పల్లీలు తెచ్చేది. మెత్తటి రొట్టెలు నా ముందు పెట్టి, ఎండి గట్టిపడ్డ నిన్నటి కడక్ రొట్టె తను తినేది. మెత్తవి తినమంటే "బ్యాడక్కా" అనేది. కన్నడంలో వద్దని. "మెత్తయి మగోళ్లకు, సుట్టాలకు. మాకు కడక్‌వే అలవాటు," అనేది. నమిలేటప్పుడు ఆమె చెవి దగ్గర ఇసుక తొక్కినట్టు కరకర చప్పుడు వచ్చేది. రొట్టె చప్పుడే అనుకున్నాను. పక్కనే కూర్చుని, రోజూ దవడలు చూసే మనిషిని, అలా అనుకున్నాను.

నొప్పి పోలేదు. డాక్టరమ్మ ఉద్యోగం వదిలే ముందు సెలవు మీద ఉన్న రోజుల్లో, తుల్జమ్మకు రెండోసారి ఫోటో తీశాను. డాక్టరు సారు రెండో పన్ను పీకాడు. సాయంత్రం ఫిల్మును బీరువాలో పెడుతూ అలవాటుగా స్టిక్కరు ఎత్తాను. కుడి కీలు చదునుగా అరిగి, అంచున ముల్లు తేలి ఉంది. పీకేసిన పన్ను బొమ్మలో ఏ పుచ్చూ లేకుండా కనిపిస్తోంది. నోట్‌బుక్కులో రాశాను. తుల్జమ్మ, కుడి కీలు, చదును, ముల్లు. రాసి తారీఖు వేశాను.

తీసుడు నీ పని

మరునాడు డాక్టరు సారుకు ఫిల్ము చూపించాను. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. మోసగాడు కాదు. చెయ్యి మంచిది. ఒకరు ఏడుస్తూ వస్తే భోజనం వదిలి లేచేవాడు. కానీ ఆయన కంటికి దవడంటే పళ్లే. పళ్ల అవతల ఉన్నదంతా ఫిల్ము అంచు.

"సార్, తుల్జమ్మ నొప్పి గీ కీలుదేమో," అన్నాను.

ఆయన ఫిల్ము వంక చూడలేదు. నా వంక చూశాడు. "సుగుణా, తీసుడు నీ పని. చూసుడు నా పని. పంటి దవాఖానకు వచ్చినోళ్లకు కీళ్లు, మోకాళ్ల సంగతి చెప్తమా?"

స్టిక్కరును కింది అంచున అంటిస్తానని కూడా అన్నాను. రెండు రోజులు అంటించాను కూడా. బీరువాలో పేర్లు దొరకడం లేదని కేకలేశాడు. మళ్లీ పైమూలకే వచ్చాను.

నాకు పౌరుషం ఎక్కువ. ఆ మంటలోనే, స్టిక్కర్ల తరువాత, నా రెండో తప్పు జరిగింది. డాక్టరమ్మ వెళ్లిపోయిన కొత్తల్లో కంగ్టి వైపు నుంచి సంగప్ప అనే రైతు వచ్చాడు. డెబ్భై దాటినా గట్టి మనిషి. ముందు పన్ను ఊగుతోందని వచ్చాడు. ఫోటోలో రెండు కీళ్లూ అరిగి ఉన్నాయి. సారు చెప్పకపోతే నేను చెప్తానని, వసారాలోనే ఆయన్ను ఆపాను. "తాతా, నీ దవడ కీళ్లు రెండు అరిగిపోయినయి. గట్టియి నములకు. జెర పైలం," అన్నాను. ఎంత గొప్ప పని చేశానో అనుకున్నాను ఆ పూట.

నాలుగు నెలల తరువాత కొడుకు ఆయన్ను చేయి పట్టి తీసుకొచ్చాడు. మనిషి సగమయ్యాడు. దవడ ఊడిపోతుందన్న భయంతో తువ్వాల గడ్డం కింద నుంచి తలకు కట్టుకుని ఉన్నాడు. రొట్టె మానేశాడు. జావ తప్ప ఏదీ ముట్టడం లేదు. నవ్వడం కూడా మానేశాడట.

"గీ ఫోటో అమ్మనే చెప్పింది," అని తాత నా వైపు వేలు చూపించాడు. అందులో కోపం లేదు. నమ్మకంతోనే చూపించాడు.

డాక్టరు అందరి ముందూ అడిగాడు. "ఆయనకు నొప్పి ఉన్నదా అని అడిగినవా?"

"లేదు సార్."

"నోరు తెరుస్తుండా లేదా చూసినవా?"

"లేదు."

"మరి ఏం చూసి చెప్పినవు?"

ఆ ఒక్క విషయంలో డాక్టరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఫోటోలో అరుగుదల కనబడితే నొప్పి ఉన్నట్టు కాదు. ముసలితనంలో మోకాలు అరిగి కూడా చేనుకు పోయేవాళ్లు లేరా? సంగప్ప తాత ఆ కీళ్లతోనే ఎన్నేళ్లుగానో జొన్నరొట్టె తిన్నాడు, నేను చెప్పేదాకా.

ముందు మనిషిని అడగాలి, తరువాత బొమ్మ చూడాలి, చూసింది డాక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. నేర్చుకోవలసింది అది. నేను నేర్చుకున్నది మాత్రం నోరు మూసుకోవడం. నిజం చెప్పాలంటే అది నాకు సుఖంగా కూడా ఉంది. నోరు మూసుకోవడానికి ఒక మంచి కారణం దొరికింది.

మూడోది, నాలుగోది

తుల్జమ్మ నొప్పి ఎక్కువైంది. చెవిలో పోటు, నోరు సగమే తెరుచుకునేది. మూడో పన్ను పీకాలన్నాడు డాక్టరు. నేను ఫోటో తీశాను. స్టిక్కరు అంటించాను. పైమూలనే.

ఆ రోజు కుర్చీలో కూర్చుని ఆమె నన్ను పిలిచింది. "అక్కా, నువ్వు రా. సూది అంటే భయమైతుంది. నీ చేయి పట్టుకుంట."

పోయాను. చేయి ఇచ్చాను. గోళ్లు నా అరచేతిలో దిగబడేలా పట్టుకుంది. పన్ను బయటకు వచ్చింది, ట్రేలో టంగుమని పడింది. మచ్చ లేని పన్ను. సంగప్ప తాతకు లేని నొప్పి ఈమెకు ఉంది. అడగాల్సినవన్నీ ఈమె అడగకుండానే చెప్పింది. అయినా నేను నోరు విప్పలేదు. ఏడాదిలోపే నాలుగోదీ పోయింది.

ఆ తరువాత హైదరాబాదులో మేస్త్రీ పని చేసే తమ్ముడు ఆమెను అక్కడి పెద్ద పంటి ఆసుపత్రికి తీసుకుపోయాడు. వాళ్లు చెవి ముందు వేలు పెట్టి నోరు తెరవమన్నారు, మూయమన్నారు. స్కానింగు తీశారు. మెత్తటివి తినమని, వేడి కాపడం పెట్టమని చెప్పారు. దవడకు కసరత్తులు నేర్పారు. పడుకునేటప్పుడు పళ్ల మీద పెట్టుకోవడానికి ఒక ప్లేటు చేసిచ్చారు. రెండు మూడు నెలలకు నొప్పి తగ్గింది. మళ్లీ అంగడి రోజున వచ్చి, బెంచీ మీద కూర్చోకముందే చెప్పింది.

"పంటిది కానే కాదంట అక్కా! కీలుదంట!"

"గట్లనా!" అన్నాను. కళ్లు పెద్దవి చేసి మరీ అన్నాను.

"మన డాక్టరు సాబుకే ఎరుక లేకపాయె. నీకేం ఎరుకైతది లే," అని నా భుజం తట్టింది.

జీవితంలో నేను ఆడిన అబద్ధాల్లో ఇంతకంటే నీచమైనది లేదు. ఆమె తెచ్చిన రొట్టె ఆ రోజు కూడా తిన్నాను. కుడివైపు పళ్లు లేవు కనుక తను పప్పులో నానబెట్టి, ఎడమవైపు వేసుకుని, నెమ్మదిగా నమిలింది. అలాగే ఏళ్లు గడిచాయి. దవాఖాన చేతులు మారింది. కొత్త డాక్టరు కొత్త యంత్రం తెచ్చాడు. బొమ్మలు కంప్యూటరులోకి వచ్చాయి. అయినా ఫోటో చేతిలో ఉంటేనే మా వైపు జనానికి నమ్మకం. ఫిల్ములు అచ్చువేస్తూనే ఉన్నాం, స్టిక్కర్లు అంటిస్తూనే ఉన్నాం. మానేసే ముందు నా చోటుకు వచ్చిన అమ్మాయికి పని అంతా నేర్పాను. స్టిక్కరు ఎక్కడ అంటించాలో కూడా నేర్పాను.

అర్ర

పని మానేశాక నా తలుపు కొట్టిన మనిషి తుల్జమ్మ ఒక్కతే. ఒక అంగడి రోజున మా ఇంట్లో కూర్చుని, డిపో మైకు వింటూ అంది. "గీ మైకుతోని ఏం ముచ్చట పెడతవక్కా దినమంత? మా ఊరికి రా. పాత ఇంట్ల ఒక అర్ర ఖాళీగ ఉన్నది, సున్నం గూడ ఏపిచ్చిన. ఇద్దరం ఉందం. నాకు మాట్లాడనీకె నువ్వు, నీకు ఇననీకె నేను."

ఆమె వెళ్లాక ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. నా కోసం ఒక గదికి సున్నం వేయించిన మనిషి ఉందని, అరవై దాటాక తెలిసింది. వారం తిరిగేలోపు బట్టలు సర్దడం మొదలుపెట్టాను. ట్రంకుపెట్టె అడుగున నోట్‌బుక్కు దొరికింది. తుల్జమ్మ, కుడి కీలు, చదును, ముల్లు. తారీఖు.

పొయ్యిలో పెడితే ఎవరికీ తెలియదు. పెట్టాలనే అనుకున్నాను. కానీ ఆ గదిలో రోజూ ఆమె ఎదురుగా కూర్చుని ఆమె ఎడమవైపు నమలడం చూడాలి. నావల్ల కాదనిపించింది. తరువాతి అంగడికి ఆమె నన్ను తీసుకుపోవడానికి వచ్చింది. మంచం మీద సంచీ పెట్టి, నా చేతిలో నోట్‌బుక్కు చూసింది.

"ఏం బుక్కు అది?"

"దవడ కీళ్లు అరిగినోళ్ల పేర్లు. నేను రాసుకున్న. నీ పేరు గూడ ఉన్నది."

ఆమెకు చదువు రాదు. పేజీ మీద వేలు పెట్టింది. నేను ఆ వేలిని ఆమె పేరు మీదికి జరిపాను.

"హైదరాబాదుకెల్లి వచ్చినంక రాసినవా?"

"కాదు. రెండో పన్ను పీకిన దినం రాసిన."

ఆమె నాలుక కుడి బుగ్గలో కదలడం కనిపించింది. ఖాళీ చిగుళ్ల మీద ఒక్కొక్క చోటా ఆగుతోంది.

"మూడోది పీకెటప్పుడు నీ చేయి పట్టుకున్న గద."

"ఔ."

"గప్పుడు నీకు ఎరుక."

"ఎరుక."

"నాలుగోదప్పుడు?"

"గప్పుడు గూడ ఎరుకనే తుల్జమ్మా. సారుతోని ఒకపారి చెప్పిన, తిట్టిండు. కంగ్టి తాత సంగతైనంక భయపడ్డ. నా నౌకరి..."

చేయి ఎత్తి ఆపింది. నోట్‌బుక్కు మూసి నా ఒళ్లో పెట్టింది. లేచి సంచీ భుజాన వేసుకుంది.

"పన్ను పోయిందని కాదు. కీలుదంట అంటే గట్లనా అంటివి సూడు," అంది.

గడప దిగి డిపో వైపు పోయింది. నేను వెంట పోలేదు. కాసేపటికి మైకులో నాగల్‌గిద్ద బస్సని అరిచారు. సర్దిన ట్రంకుపెట్టె పక్కన నిలబడి, బస్సు బయలుదేరిన చప్పుడు పోయేదాకా విన్నాను.

రేణుక తెచ్చిన ఫోటో

ఎనిమిది నెలలు ఆమె రాలేదు. అంగడి రోజున రెండు రొట్టెలు ఎక్కువ చేయడం మాత్రం నేను మానలేదు. సాయంత్రం దాకా చూసి, నానబెట్టుకుని నేనే తినేదాన్ని.

పోయిన నెల తలుపు చప్పుడైతే పరుగెత్తాను. ఒక చిన్న వయసు ఆడమనిషి. ఒక చేయి బుగ్గ మీద, ఒక చేతిలో దవాఖాన కవరు.

"నేను రేణుకను. తుల్జమ్మ కోడల్ని. పన్ను తీసేయాలన్నరు. ముందుగాల గీ ఫోటో మీకు చూపియ్యమన్నది అత్త."

కూర్చోబెట్టాను. ఫిల్ము బయటకు తీశాను. పైన ఎడమ మూల మీద స్టిక్కరు. నీటుగా, వంకర లేకుండా, నేను నేర్పినట్టే.

ఈసారి ముందు మనిషిని అడిగాను. నొప్పి ఎక్కడ? చెవి దగ్గర చప్పుడు వస్తుందా? నోరు పూర్తిగా తెరుచుకుంటుందా? చెవి ముందు వేలు పెట్టి, నోరు తెరిచి మూయమన్నాను. ఏమీ లేదు. నేరుగా వెనక పన్ను చూపించింది. చల్లనీళ్లు తగిలితే ప్రాణం పోతోందట. అప్పుడు గోరుతో స్టిక్కరు ఎత్తి, ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టుకున్నాను. కుడి కీలు బొటనవేలి కొసలా గుండ్రంగా, నున్నగా ఉంది. ఎడమదీ అంతే. వెనక పన్ను వేరు దాకా పుచ్చింది.

"నేను డాక్టర్ను కాదు రేణుకా. నాకు కనిపిస్తున్నది చెప్తున్న. కీళ్లు మంచిగున్నయి. నొప్పి పంటిదే. డాక్టరు చెప్పింది నిజమే, తీపిచ్చుకో."

"దాసకుంట చెప్తున్నరు గద?" అంది. అడిగి, తలవంచుకుంది. "గట్ల అడగమన్నది అత్త."

"దాసకుంటనే చెప్తున్న."

ఫిల్మును కవరులో పెట్టుకుంది. తలుపు దాకా పోయాక అడగకుండా ఉండలేకపోయాను.

"అత్త మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది."

"నాకేమన్న చెప్పమన్నదా?"

ఆ పిల్ల నిజంగానే గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. "ఫోటో చూపియ్యమన్నది. మీరు ఏం చెప్తే గది చేయమన్నది. గంతే."

"ఆ అర్ర?"

"ఏ అర్ర? గా సున్నం ఏసినదా? దాంట్ల కందులు పోసినం."

ఆమె వెళ్లాక చూసుకుంటే స్టిక్కరు ఇంకా నా వేలికే అంటుకుని ఉంది. పేరు, వయసు, ఊరు. తుల్జమ్మ ఊరే.

తెల్లారి దవాఖానకు పోయాను. నా చోటుకు వచ్చిన అమ్మాయిని కూర్చోబెట్టి, ఒక ఫిల్ము మీద కీలు ఎక్కడ ఉంటుందో చూపించాను. స్టిక్కరు కింది అంచున, ఏ ఎముకా లేని చోట అంటించమని చెప్పాను. పేరు దొరకకపోతే ఫిల్ములను బీరువాలో తలకిందులుగా నిలబెట్టుకోమన్నాను.

ఆ అమ్మాయి నన్నూ, చేతిలోని ఫిల్మునూ చూసి, "మీరు పైనే అంటించిన్రు గద మేడం, ఇరవై ఆరేండ్లు?" అంది.

"ఔ బిడ్డా. ఎరుకైనంక గూడ అంటించిన," అన్నాను.